దిగుడుబావిలో ఎవరో

దిగుడుబావి వైపు రాత్రి పది దాటాక ఎవరూ వెళ్ళరు. వెళ్ళినా పైమెట్టు దగ్గరే ఆగిపోతారు... ఆగకుండా దిగినవాళ్ళు మర్నాడు ఆ మాట ఎత్తితే ముఖం పక్కకి తిప్పుకుంటారు.

ముందే ఒక సంగతి చెప్పాలి. ఆ బావిలో నీళ్ళు లేవు. రాళ్ళూ లేవు. అది మాటలతో కట్టిన బావి.

ఒక ఆట ఉండేది. బొమ్మలు లేవు, చప్పుళ్ళు లేవు. తెర మీద నాలుగు వాక్యాలు వచ్చేవి — నువ్వు ఫలానా చోట ఉన్నావు, ఎదురుగా ఇది ఉంది, ఎడమవైపు అది ఉంది అని. వాటి కింద రెండో మూడో దారులు, ఒక్కోదానికి ఒక్కో అంకె. ఒకటి నొక్కితే ఒక దారి, రెండు నొక్కితే ఇంకో దారి. కథ ఎటు పోవాలో ఆడేవాళ్ళ ఇష్టం. ఒకే చోటికి చేరినవాళ్ళు ఒకరికొకరు కనిపిస్తారు, టైపు చేసుకుని మాట్లాడుకుంటారు కూడా. ఇలాంటి ఆటల కోసం పనిగట్టుకుని వెతికేవాళ్ళు కొందరుంటారు. ఎక్కడో ఏదో జాబితాలో అట్టడుగున దొరకబుచ్చుకుని వస్తారు, వచ్చాక ఇక కదలరు. అలా నలభైమంది దాకా పోగయ్యారు.

ఆట రాసింది ఒక లిఫ్టు మెకానిక్. పగలంతా లిఫ్టుల కింద గ్రీజులో దొర్లడం, సాయంత్రం కంపెనీ స్టోర్‌రూములో ఒక పాత కంప్యూటరు ముందు కూర్చుని కోటలూ సత్రాలూ కట్టడం. ఇనుప తాళ్ళ చుట్టలకీ తలుపుల చక్రాల పెట్టెలకీ మధ్య ఆ కంప్యూటరు రాత్రీ పగలూ నడుస్తూ ఉండేది. స్టోర్‌కీపరు మంచివాడు, చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆ ఆటకి ఒక నియమం పెట్టాడు మెకానిక్. ఎవరినీ పేరు అడగకూడదు, ఊరు అడగకూడదు, ఫోన్ నంబరు అడగకూడదు. లోపలికి వచ్చేటప్పుడు తోచిన మారుపేరు కొట్టుకోవచ్చు. ఏదీ కొట్టకుండా వదిలేస్తే ఆటే ఒక పేరు పెడుతుంది — "ఎవరో" అని. ఆ నియమం చూసుకుని అతనికి మహా గర్వం.

ఇక దిగుడుబావి సంగతి.

బేకరీలో రాత్రిపూట పని చేసే ఒకావిడ ఆ ఆటలో "గొడుగు" పేరుతో తిరిగేది. ఒకరాత్రి పిండి పొంగేలోపు కాస్త ఆడదామని కూర్చుని, దీపం పట్టుకుని బావి మెట్లు దిగింది. అడుక్కి చేరగానే తెర మీద ఒక వాక్యం పడింది.

ఎవరో ఇక్కడే ఉన్నారు.

ఆవిడ ఆగింది. చుట్టూ చూడడానికి అది నిజం బావి కాదు కదా... మళ్ళీ చదువుకుంది. ఈలోపు ఇంకోసారి పడింది.

ఎవరో ఇక్కడే ఉన్నారు.

"ఎవరు?" అని కొట్టింది. జవాబు లేదు. ఆ వాక్యమే మళ్ళీ పడింది. "మాట్లాడవేం?" అంది. మళ్ళీ అదే. ఆవిడ మాట్లాడినకొద్దీ వాక్యాలు దగ్గర దగ్గరగా పడడం మొదలైంది... చివరికి ధైర్యం కూడగట్టుకుని, "బతికున్నావా?" అని అడిగింది.

వెంటనే తెర నిండా అదే వాక్యం — ఒకటి, రెండు, మూడు, పది...

 ఆవిడ కంప్యూటరు మూసేసింది. ఆ రాత్రి ఒక వాయి రొట్టెలు మాడిపోయాయట.

అప్పట్నుంచీ బావికి పేరు పడిపోయింది. ఆడుతూ ఆడుతూ చచ్చిపోయినవాడెవడో అక్కడ తిరుగుతున్నాడని ఒకడన్నాడు. పగలు వెళ్తే ఎవరూ ఉండరు, రాత్రి పది దాటితేనే వస్తుందని ఇంకొకడన్నాడు. అది నిజమే. పగలు బావి ఖాళీ.

మెకానిక్‌కి ఈ కబుర్లన్నీ తెలుసు. దెయ్యం గియ్యం ఏమీ లేదనీ తెలుసు. ఎవరి కంప్యూటరులోనో మీట ఇరుక్కుపోయి ఉంటుంది, అదే పడుతోంది అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు. పేరు పడింది కదా అని బావి వర్ణనలో ఒక చల్లగాలి చేర్చాడు, ఎక్కడో నీటిచుక్క పడుతున్న చప్పుడు చేర్చాడు. జనం హడలిపోతూ మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు. అతనికి మజాగా ఉండేది. అలా మూడేళ్ళు గడిచాయి.

మూడేళ్ళ తర్వాత కంపెనీ ఆ భవనం ఖాళీ చేయాల్సి వచ్చింది. ఉదయం ఎనిమిదింటికి మనుషులొచ్చి స్టోర్‌రూము ఖాళీ చేస్తారు, తీగలన్నీ కోసేస్తారు. మెకానిక్ పెద్దగా బాధపడలేదు. ఆటని ఇంకో చోట పెట్టుకుంటాడు. కొత్త చిరునామా అందరికీ చెప్పేశాడు కూడా. ఎవరికి వారు అది చేత్తో కొట్టుకుని రావాలి, అంతే.

ఆ చివరి రాత్రి అతను అన్నగారింట్లో భోంచేశాడు. అన్న డ్యూటీలో ఉన్నాడు. వదిన నర్సు. ఏళ్ళ తరబడి మంచం దిగలేని రోగులుండే వార్డులో పని. అన్నం వడ్డిస్తూ, "ఏం మరిదిగారూ, మీ దెయ్యాన్ని కూడా సామానులో సర్దారా?" అని ఆటపట్టించింది.

"దానికి అడ్రసు ఇవ్వలేదు వదినా. అది మాట్లాడదుగా."

"ఏం చేస్తుందేమిటి మరి?"

"ఒకటో నంబరు నొక్కుతుంది. రాత్రంతా ఒకటి... ఒకటి... ఒకటి. మూడేళ్ళలో ఒక్కసారి కూడా రెండు నొక్కిన పాపాన పోలేదు."

వదిన గరిటె పట్టుకున్న చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"రాత్రిపూటేనా?"

"రాత్రిపూటే. పదింటికి వస్తుంది, తెల్లారాక పోతుంది."

"పదింటికి మా వార్డులో లైట్లు ఆర్పుతాం." ఆవిడ గొంతు తగ్గింది. "పక్షవాతం వచ్చి నోరూ, కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళు ఉంటారు మా దగ్గర. మనసు మాత్రం శుభ్రంగా ఉంటుంది. అన్నీ వింటారు, చదువుతారు. ఒక వేలు కదిలితే ఆ వేలి కింద ఒక మీట పెడతాం. ఒక్కటే మీట. దాన్ని కంప్యూటరుకి తగిలిస్తాం... వాళ్ళు నొక్కగలిగింది అదొక్కటే."

మెకానిక్ ముద్ద కంచంలోనే వదిలేశాడు. చెయ్యి కడిగాడో లేదో, బండి తీశాడు.

స్టోర్‌రూముకి చేరేసరికి పదకొండు. కంప్యూటరులో ఎవరెవరు ఏ దారిన పోయారో లెక్క ఉంటుంది. "ఎవరో" మొదటి రోజు లెక్క తీశాడు. సత్రం దగ్గర ఒకటి — తోటలోకి పో. తోటలో ఒకటి — కోట వెనక్కి పో. అక్కడ ఒకటి — మెట్లు దిగు. అక్కడ ఒకటి... దిగుడుబావి.

బావిలో ఒకటో నంబరు ఏమిటో అతనికి చూడకుండానే గుర్తొచ్చింది. 

ఆట మొత్తంలో ఒకటో నంబరంటే ముందుకు నడిచే దారే. ఒక్క బావిలో మాత్రం, చదివేవాళ్ళు జడుసుకోవాలని, అతనే కావాలని వరస మార్చాడు. ఒకటి — ఇక్కడే ఉండు. రెండు — నీళ్ళలోకి తొంగిచూడు. మూడు — మెట్లెక్కి బయటికి పో.

ఒక్క మీట ఉన్న మనిషి, ఎంత నొక్కినా ఆ బావి దాటలేదు. ఆటని మూసేసి మళ్ళీ తెరిచినా, ఎక్కడ వదిలారో అక్కడే మొదలవుతుంది. అదీ అతను పెట్టిందే.

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు గంట ఎలా నొక్కుతారో అతనికి తెలుసు. మొదట గబగబా, తర్వాత ఆగి ఆగి, ఆ తర్వాత... ఎవరో వింటున్నారన్న నమ్మకం పోయాక కూడా, ఊరికే. అలాంటి గంటలు విని పరుగెత్తడమే అతని ఉద్యోగం. ఈ గంట మూడేళ్ళుగా మోగుతుంటే, పక్కన చల్లగాలి పెట్టి తమాషా చూశాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

తెర మీద అప్పుడే పడింది.

ఎవరో ఇక్కడే ఉన్నారు.

రేపు ఎనిమిదింటికి ఇదంతా పోతుంది. మిగతా నలభైమంది కొత్త చిరునామా కొట్టుకుని వస్తారు. ఈ మనిషి కొట్టుకోలేరు. పక్కనున్నవాళ్ళు కొట్టిపెట్టాలి. వాళ్ళకి చెప్పాలంటే వాళ్ళెవరో తెలియాలి... పేరు లేదు, ఊరు లేదు, ఏమీ అడగకూడదని తనే నియమం పెట్టాడు.

 బావి వర్ణన తెరిచి, చల్లగాలీ నీటిచుక్కా అన్నీ చెరిపేశాడు. ఒకటి నొక్కితే "అవును" అని పడేలా మార్చాడు. ఆటలో అందరినీ "నువ్వు" అనే రాస్తాడు. మొదటిసారి "మీరు" అని రాశాడు.

"నేను ఈ ఆట రాసినవాణ్ణి. మీరు ఒక్క మీటే నొక్కగలరా? అవునైతే నొక్కండి. కాకపోతే వదిలేయండి."

తెర చూస్తూ కూర్చున్నాడు. దాదాపు నిమిషం.

అవును.

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంటూ రాశాడు — "ఇన్నాళ్ళూ బయటికి పోదామనే నొక్కుతున్నారా?"

అవును.

"క్షమించండి. మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

ఏమీ రాలేదు. రెండు నిమిషాలు చూశాడు. అంటే, లేరు.

"ఉదయం ఎవరైనా వస్తారా?" — అవును.

"ఎనిమిదింటి లోపు వస్తారా?"

 కంప్యూటరు పంకా ఒక్కటే తిరుగుతోంది. రెండు నిమిషాలు... మూడు. ఏమీ లేదు.

విషయం వివరంగా రాసి, "ఇంటివాళ్ళు చూస్తే ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని తన నంబరు పెట్టి చూశాడు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ఫోన్ మోగలేదు. అర్ధరాత్రి దాటాక ఆ గదిలోకి వచ్చి తెర చూసేదెవరు?

వదినకి ఫోన్ చేశాడు. ఆవిడ నిద్రపోలేదు.

"మా వార్డులో మీ ఆట ఆడేవాళ్ళెవరూ లేరు మరిదిగారూ, కనుక్కున్నాను. ఎక్కడో ఇంట్లో ఉన్న మనిషై ఉంటారు." కాస్త ఆగి, మెల్లిగా అంది. "తొందరపెట్టకండి. ఆ ఒక్క వేలు కదపడానికి వాళ్ళకి ఎంత ఓపిక కావాలో మీకు తెలీదు."

ఐదు కావస్తుండగా అతనికి తట్టింది. మాటలు రావు సరే, అంకెలు రావచ్చు కదా.

"మీవాళ్ళ ఫోన్ నంబరు ఏదైనా గుర్తుందా?"

అవును. ఈసారి వెంటనే వచ్చింది.

గబగబా రాశాడు. "ఒక్కో అంకె అడుగుతాను. ఎంతైతే అన్నిసార్లు నొక్కండి. సున్నా అయితే నొక్కకండి. మొదటి అంకె?"

నొక్కులు ఒకటొకటే రాసాగాయి. ఒక్కోదానికీ మధ్య పదిహేను సెకన్లు, ఒక్కోసారి నిమిషం. అతను వేళ్ళు మడుస్తూ, నొక్కులు ఆగాక ఐదేసి నిమిషాలు చూస్తూ కూర్చున్నాడు. తొమ్మిది. గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నాడు. రెండో అంకె, నాలుగు. మూడోది, ఎనిమిది. ఎనిమిదికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకసారి ఆగిపోతే అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మళ్ళీ మొదలయ్యాక కూర్చున్నాడు. అవతల మనిషి పడుతున్న కష్టం అతనికి నొక్కు నొక్కుకీ తెలుస్తోంది. ఆపమని చెప్పలేడు, సాయం పట్టలేడు. లెక్కపెట్టడం తప్ప చేసేదేమీ లేదు.

ఏడు అంకెలు అయ్యేసరికి కిటికీ బయట తెల్లారింది. ఆరున్నర.

ఎనిమిదో అంకె అడిగాడు.

ఏమీ రాలేదు.

ఐదు నిమిషాలు చూశాడు. "తొమ్మిదో అంకె?" అన్నాడు. ఐదు నిమిషాలు... ఏమీ లేదు. "పదో అంకె?"

లేదు.

 రాత్రంతా నొక్కించాడు. వదిన చెప్పనే చెప్పింది... ఆ వేలికి ఏమైందో, ఆ మనిషికి ఏమైందో.

"అలిసిపోయారా? అవునైతే నొక్కండి."

తెర కదల్లేదు.

"మీకేమైనా అయిందా?"

తెర కదల్లేదు.

ఏడు దాటింది. ఏం అడగాలో తోచలేదు. పిచ్చివాడిలా రాశాడు — "నా మీద కోపమా?"

ఏమీ లేదు. ఆ మూడు ముక్కలూ తెర మీద అలాగే ఉన్నాయి.

తల పట్టుకుని కూర్చున్నాడు చాలాసేపు. ఎప్పటికో తలెత్తి, రాత్రి తను రాసినవన్నీ మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చాడు. ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు.

సున్నా అయితే నొక్కకండి.

గోడ మీద ఏడు అంకెలు. తర్వాత మూడుసార్లు నిశ్శబ్దం... అంటే మూడు సున్నాలేమో. అలిసిపోయారా అంటే, కాదు. ఏమైనా అయిందా అంటే, లేదు. అడిగిన ప్రతిదానికీ ఆ మనిషి మర్యాదగా, తను చెప్పిన పద్ధతిలోనే జవాబు చెప్పారేమో. లేదా మొదటి నిశ్శబ్దం దగ్గరే అంతా అయిపోయిందేమో. ఏది ఏదో తెలుసుకునే దారి అతను ఉంచలేదు.

ఏడు యాభై. చివర మూడు సున్నాలు పెట్టి ఫోన్ కొట్టాడు. 

ఆ నంబరు ఉంది. మోగింది.

అవతల ఎవరూ ఎత్తలేదు. కానీ తెర మీద —

అవును.

అతను ఉలిక్కిపడ్డాడు.

అవును. అవును. అవును.

తెర మీద ఇంకా తను అడిగిన ఆఖరి ప్రశ్నే ఉంది. నా మీద కోపమా? దాని కింద అవును, అవును అని వరసగా పడిపోతున్నాయి... రాత్రంతా నిమిషానికొకటి వచ్చిన నొక్కులు ఇప్పుడు ఊపిరాడకుండా వస్తున్నాయి.  ఫోన్ మోగి మోగి తనంతట తనే ఆగిపోయింది.

నొక్కులూ ఆగిపోయాయి.

అతను తెర వంక చూశాడు. చేతిలో ఫోన్ వంక చూశాడు. మళ్ళీ కొట్టాడు.

ఒక్కసారి మోగిందో లేదో — అవును. అవును. అవును. అవును.

కావాలనే కట్ చేశాడు. ఆగిపోయింది.

అప్పటికి అర్థమైంది అతనికి. ఆ ఫోన్ ఎక్కడో లేదు. ఆ గదిలోనే ఉంది. ఆ మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో మోగుతోంది. గుర్తున్నది తన నంబరొక్కటే కాబోలు, అదే ఇచ్చారు; మోగుతున్నది తన ఫోనేనని ఆ మనిషికి తెలుసు. మూడేళ్ళకి ఒకరు విన్నారని తెలుసు. చెయ్యి మాత్రం చాపలేరు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. నలుగురు మనుషులు, వెనక మేస్త్రీ.

"ఒక్క పది నిమిషాలు ఆగండి మేస్త్రీగారూ," అన్నాడు మెకానిక్. ఫోన్ చెవి దగ్గరే ఉంది, మోగుతోంది. "ఒక మనిషి... లోపల ఒక మనిషి ఉన్నారు."

మేస్త్రీ గది నాలుగు మూలలా చూశాడు. ఇనుప తాళ్ళు, పెట్టెలు, ఒక కంప్యూటరు. రాత్రంతా నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డ ఒక మెకానిక్.

"నా చేతిలో ఏముంది బాబూ," అన్నాడు జాలిగా. "కింద మెయిన్ తీసేశారు, ఇదిగో, ఈపాటికి..."

మాట పూర్తి కాలేదు. పంకా ఆగిపోయింది. తెర మీద ఆఖరి "అవును" సగంలో నల్లబడింది.

మనుషులు తాళ్ళ చుట్టలు దొర్లించుకుంటూ పోతుంటే, అతను మెట్ల మీద ఒక పక్కకి ఒదిగి కూర్చున్నాడు. ఫోన్ ఆగినప్పుడల్లా మళ్ళీ కొట్టాడు. ఆ వేలు ఇంకా నొక్కుతోందో మానేసిందో ఇక కనిపించే దారి లేదు. ఎనిమిది దాటింది. ఎనిమిదిన్నర దాటింది. ఆ ఇంటికి ఉదయం వచ్చే మనిషి ఇంకా రాలేదు. అతను చెవి తియ్యకుండా వింటూనే ఉన్నాడు, అవతల మంచం మీద ఆ మనిషి కూడా వింటూనే ఉండి ఉంటారు.